ఇటుక మోయడం ముందు మన ఊళ్లో నేర్చుకోండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి రేకులు పక్కవారి కొబ్బరితోటలో తేలాయి. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎవరిని కదిపినా ఇలాంటి కథే చెబుతారు. ఆ తరవాత సాయం చేస్తామని బయటి ఊళ్ల నుంచి కుర్రవాళ్లు వచ్చారు. ఒక జట్టులో నలుగురే. పడిపోయిన చెట్లు కోసి దారి చేశారు, తమ అన్నం తామే వండుకు తిన్నారు, వెళ్లిపోయారు. ఇంకో జట్టులో పన్నెండుమంది. వాళ్లు మా వీధిలో ఒక ఇంటికి గోడ కట్టారు. వాళ్ల బస్సు కదిలిన మర్నాడు మేస్త్రీ ఆ గోడను పడగొట్టి మళ్లీ కట్టాడు. ఇటుకల జాయింట్లన్నీ ఒకదాని నెత్తిన ఒకటి వచ్చేలా పేర్చేశారు పాపం, అలాంటి గోడ గట్టిగా నిలవదు. రెండోసారి కూలి ఇంటాయనే ఇచ్చుకున్నాడు.

లెక్కల మాస్టారుగా రిటైరైన కొన్నాళ్లకు, అరవై ఒకటో ఏట, పేదల ఇళ్ల పనికి పదిహేను రోజులు నేపాల్ వెళ్లాను. వెళ్లేముందు నా భయమంతా ఆ పన్నెండుమందిలో పదమూడోవాణ్ని అవుతానేమోనని. మీకూ వెళ్లాలనుంటే ఆ భయం కొంచెం దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.

పాస్‌పోర్టు కన్నా ముందు చూసుకోవలసింది మీ ఊరి మేస్త్రీని. మా ఊళ్లో తాపీపని చేసే అతను ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. పది రోజులు కూలివాడిగా పెట్టుకో, డబ్బులివ్వక్కర్లేదు అన్నాను. "మీకెందుకండీ మాస్టారూ ఈ ఎండలో" అని నవ్వి, మర్నాడు ఏడింటికి రమ్మన్నాడు. ఇసుక జల్లించడంతో మొదలైంది. ఇటుకలను వాడేముందు నీళ్లలో నానబెట్టాలని, లేకపోతే అవి సిమెంటు, ఇసుక కలిపిన మాలులో తడినంతా పీల్చేసి గోడను గుల్ల చేస్తాయని అక్కడే తెలిసింది. తట్టను నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి. ఇది రాసినంత తేలిక కాదు. మూడో రోజుకు అరచేతులు పగిలాయి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. రబ్బరు తొడుగులు కొనుక్కోవడం నాలుగో రోజు పని కాదు, మొదటి రోజు పని. లంబరేఖ గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని కదా, గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకం గుండు నాకొక లెక్కా అనుకున్నాను. గాలికి ఊగే దారం ఆగేదాకా ఓపిక పట్టడం పాఠాల్లో లేదు. ఈ పది రోజులూ గడపలేనివాళ్లు ప్రయాణం మానుకోవడం మంచిది. డబ్బు పంపితే చాలు, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక సంస్థను ఎంచుకోవడం. ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మిలర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టారు. లాభం, వడ్డీ లేకుండా ఇల్లు ఇవ్వడం, ఆ ఇంటివాళ్లు కూడా పనిలో చెయ్యి కలపడం మొదట్లో వాళ్ల పద్ధతి. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి ఏళ్ల తరబడి సుత్తి పట్టుకుని ఆ ఇళ్లమీద పనిచేశారు. 2006లో మన దేశానికీ వచ్చి లోనావాలా దగ్గర ఇళ్లు కట్టారు. ఆ స్థాయి సంస్థలే కాదు, చిన్నవీ చాలా ఉన్నాయి. చాలాచోట్ల మన ఖర్చు మనదే, పైగా సామాను కోసం కొంత చందా కూడా అడుగుతారు. అది తప్పు కాదు. ఆ చందా లెక్క చెప్పకపోవడమే తప్పు. నేను మొదట మాట్లాడిన ఏజెంటు ఒకాయన ఏనుగు సవారీ గురించి పది నిమిషాలు చెప్పాడు. ఇల్లు ఎవరిదని అడిగితే "అది అక్కడికెళ్లాక చూద్దాం సార్" అన్నాడు. నమస్కారం పెట్టి లేచాను.

మీరు అడగవలసినవి ఇవే. స్థలం పట్టా ఎవరి పేరున ఉంది? మనం వెళ్లిపోయాక మిగిలిన పని ఎవరు పూర్తి చేస్తారు? ఆ ఊరి మేస్త్రీలకు కూలి ఇస్తున్నారా, లేక మనం ఉచితంగా వచ్చామని వాళ్లను మాన్పించారా? ఈ చివరి ప్రశ్నకు తడబడినవాళ్లతో వెళ్లకండి.

దేశం విషయంలో నా సలహా నేపాల్. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. పదిహేనేళ్లు దాటి అరవై అయిదు లోపు వయసున్నవాళ్లకు ఆధార్ చెల్లదు. మిగతా దేశాలకు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, జీతం లేని పనిని కూడా చాలాచోట్ల పనిగానే లెక్కిస్తారు. పర్యాటక వీసా మీద వెళ్లి తట్ట ఎత్తితే చిక్కుల్లో పడతారు. ఏ వీసా కావాలో సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

నేను ఆమదాలవలసలో రైలెక్కి హౌరా చేరి, అక్కడి నుంచి న్యూ జల్పాయిగుడి వెళ్లాను. తరవాత రోడ్డు దారి నక్సలైటు ఉద్యమం పుట్టిన నక్సల్బరీ మీదుగా పోతుంది. ఆ ఉద్యమం పాకిన శ్రీకాకుళంవాణ్ని కాబట్టి ఆ బోర్డు కనబడగానే కాసేపు మాట పడిపోయింది. పక్కనున్న కుర్రవాడికి మాత్రం అదొక టీ ఆగే ఊరు. పానీట్యాంకీ దగ్గర మేచీ నది వంతెన దాటితే నేపాల్, ఝాపా జిల్లా. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోండి. మన రూపాయికి వాళ్ల రూపాయి అరవై పైసలు. వంద నోట్లే తీసుకెళ్లండి, పెద్ద నోట్ల మీద ఆంక్షలు మారుతుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, దసరాకి పనివాళ్లుండరు. నవంబరు నయం. ధనుర్వాతం ఇంజెక్షను వెళ్లేముందే చేయించుకోండి.

అక్కడ మాకు అప్పగించినవి వెదురు ఇళ్లు. ఇటుక అరుగు మీద వెదురు గుంజలు, మధ్యలో చీల్చిన బద్దల తడిక, తడిక మీద సిమెంటు పూత, పైన రేకులు. పురుగు పట్టకుండా వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడతారు. మన తీరంలోని చుట్టిళ్లు చూసి పెరిగిన నాకు ఆ తడిక పని కొత్తగా అనిపించలేదు. అదే నా కొంప ముంచింది.

రేకులు వేసేరోజు నాకు తిత్లీ గుర్తొచ్చింది. "ఈ కప్పు చాలా తేలికగా ఉంది, ఇంకాస్త బరువు పెట్టించండి" అని హిందీలో మిస్త్రీకి పాఠం మొదలుపెట్టాను. అతను నా కొడుకు వయసువాడు. చివరిదాకా విని, 1988 భూకంపంలో తన తాతగారి ఇంటి కప్పు ఎలా కూలిందో చెప్పాడు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు తొమ్మిది వేలమంది పోయింది కూడా ఎక్కువగా రాళ్లూ మట్టీ గోడల కిందే. మాకు గాలి భయం, బరువు ఇంటిని పట్టి ఉంచుతుంది. వాళ్లకు నేల భయం, ఆ బరువే మీద పడుతుంది. "అయితే హుక్కులు మాత్రం గట్టిగా బిగిద్దాం మాస్టర్‌జీ, ఇక్కడా గాలి వస్తుంది" అన్నాడు. ఆ పూటంతా హుక్కులు అందించాను.

కాబట్టి మొదటి వారం సలహాలు జేబులో ఉంచుకోండి. చెప్పిన పని చెయ్యండి, అర్థం కాకపోతే మళ్లీ అడగండి, తెలిసినట్టు తల ఊపకండి. ఇంటావిడ పెట్టిన టీ వద్దనకండి, కానీ భోజనం బాధ్యత వాళ్లమీద వెయ్యకండి. పిల్లల ఫోటోలు తల్లిని అడగకుండా తియ్యొద్దు. తిత్లీ తరవాత నీళ్ల డబ్బా పట్టుకున్న నా భార్య ఫోటో ఎవరో తీసుకుపోయారు, అది ఎక్కడ తిరుగుతోందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. బట్టలు, బొమ్మలు పంచాలనిపిస్తే సంస్థవాళ్లకు ఇచ్చెయ్యండి. ఒక ఇంటికిచ్చి పక్కింటికి ఇవ్వకపోతే వచ్చే గొడవ మీరు వెళ్లిపోయాక మొదలవుతుంది. తాపీ, చేతి తొడుగులు, బూట్లు మాత్రం పనివాళ్లకు వదిలి రండి. నా బూట్లు ఎవరికీ సరిపోలేదు, తిరిగి మోసుకొచ్చాను.

తిరుగు టికెట్టు ముందే కొనుక్కోండి, కింది బెర్తు అడగండి. నాకు పైది దొరికింది. పదిహేను రోజులు తట్టలెత్తిన భుజాలతో పైకెక్కలేక, హౌరా నుంచి బరంపురం దాకా ఒక పెద్దమ్మగారి కాళ్ల దగ్గర కూర్చుని వచ్చాను.