గంజాయి కేసులో కంపెనీ లారీ పట్టుబడితే: మధ్యంతర కస్టడీకి దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

లారీ పట్టుబడిందని ఫోన్ రాగానే చాలామంది యజమానులు నేరుగా స్టేషన్‌కి పరిగెత్తుతారు. ఎస్‌ఐ గారిని బతిమాలితే బండి వదులుతారన్న ఆశతో రోజుల తరబడి అక్కడే తిరుగుతారు. గంజాయి కేసు అంటే మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 కింద కేసు. ఆ కేసులో బండి విడుదల కోసం అడగాల్సింది కోర్టును. స్టేషన్ చుట్టూ తిరిగిన ప్రతి వారం బండి ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, టైర్లు పోతాయి, బ్యాటరీ చస్తుంది. ఫైనాన్స్ కంపెనీ కిస్తీ మాత్రం ఆగదు. ఒక్క లారీ మీద బతికే చిన్న కంపెనీలు ఈ దెబ్బకే మూతపడటం చూశాను. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రెండు మాటల మధ్య తేడా తెలియాలి. పోలీసులు బండిని పట్టుకోవడం స్వాధీనం. ఆ బండి ఇక ప్రభుత్వానిదే అని కోర్టు తేల్చడం జప్తు. ఈ రెండింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ కాలంలో బండిని పూచీకత్తు మీద మీ దగ్గర ఉంచుకోనివ్వమని అడగడమే మధ్యంతర కస్టడీ. లాయర్ల వాడుకలో ఇంటీరిమ్ కస్టడీ పిటిషన్.

దరఖాస్తుకు ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని ఏ చట్టం, ఏ సెక్షన్ పెట్టారో చూడండి. ఇక్కడ పొరపాటు జరిగితే తప్పు గుమ్మం తడతారు. రేషన్ బియ్యం కేసైతే నిత్యావసర వస్తువుల చట్టం సెక్షన్ 6ఎ కింద జప్తు వ్యవహారం కలెక్టర్ దగ్గర నడుస్తుంది. ఎర్రచందనం అయితే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 సెక్షన్ 44 కింద అటవీ శాఖ అధికారే జప్తు చేయగలరు. గంజాయి, హెరాయిన్ లాంటివైతే ఎన్‌డీపీఎస్ కేసులు విచారించే ప్రత్యేక కోర్టుకు వెళ్లాలి. అల్లూరి జిల్లా ఘాట్ రోడ్ల మీదుగా, ఒడిశా సరిహద్దు దాటి వచ్చే లారీలు ఎక్కువగా చిక్కుకునేది ఈ చట్టంలోనే కాబట్టి ఇక్కడ దాని గురించే చెబుతాను.

పిటిషన్ వేసేది క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 497, 503 కింద. 2024 జూలై 1కి ముందు ఇవే పాత చట్టమైన సీఆర్‌పీసీలో సెక్షన్ 451, 457. పట్టుబడిన వాహనాలను స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా ఎన్‌డీపీఎస్ ప్రత్యేక చట్టం కాబట్టి ఆ మాట దీనికి వర్తించదని అభ్యంతరాలు వస్తుండేవి. 2025 జనవరి 7న అస్సాం లారీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. విచారణ నడుస్తుండగా బండిని విడుదల చేయకూడదని ఎన్‌డీపీఎస్ చట్టంలో ఎక్కడా నిషేధం లేదంది. తీర్పు నంబరు 2025 ఐఎన్‌ఎస్‌సీ 32. మీ లాయరుకు ఇది చెప్పండి.

ఆ తీర్పులో నాలుగు పరిస్థితులు విడదీశారు. సరుకు యజమాని దగ్గరే దొరకడం, యజమాని పెట్టుకున్న డ్రైవర్ లేదా క్లీనర్ దగ్గర దొరకడం, దొంగిలించిన బండిలో దొరకడం, బండి ఎక్కిన మూడో మనిషి దగ్గర దొరకడం. చివరి రెండింటిలో యజమాని మీద ఆరోపణ లేకపోతే మామూలుగా బండి ఇవ్వాల్సిందే. మొదటి రెండింటిలో కష్టం. కంపెనీ లారీల చిక్కంతా రెండో దాంట్లోనే, ఎందుకంటే డ్రైవర్ మీ మనిషే. అలాగని ఆశ వదులుకోవద్దు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఇనుప రేకులతో తమిళనాడు వెళ్తున్న లారీలో 6 కిలోల గంజాయి దొరికింది. డ్రైవర్ కూడా నిందితుడే, యజమాని కాదు. ఎన్‌డీపీఎస్ చట్టం కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం బండి సంగతి, పట్టుబడ్డ సరుకును, వాహనాలను ఏం చేయాలో చూసే డ్రగ్ డిస్పోజల్ కమిటీ చూసుకుంటుందని కింది కోర్టులు పిటిషన్ కొట్టేశాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను రద్దు చేసింది. ఆ నిబంధనలు ప్రత్యేక కోర్టు అధికారాన్ని తీసేయవని చెప్పింది.

ఇక కాగితాలు. బండి కంపెనీ పేరున ఉంటే డైరెక్టర్ సొంత పేరుతో పిటిషన్ వేయడం పెద్ద తప్పు. కంపెనీయే పిటిషనర్, దాని తరఫున అధికారం పొందిన వ్యక్తి సంతకం చేస్తారు. అందుకు బోర్డు తీర్మానం, ఆథరైజేషన్ లెటర్ కావాలి. భాగస్వామ్య సంస్థ అయితే డీడ్ కాపీ, మిగతా భాగస్వాముల అంగీకారం. వీటితో పాటు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పర్మిట్, ఫిట్‌నెస్, పన్ను రసీదు, ఎఫ్‌ఐఆర్, పంచనామా కాపీ పెట్టాలి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే లోన్ ఒప్పందం, కిస్తీల స్టేట్‌మెంట్ కూడా జతచేయండి.

అసలు బలం అఫిడవిట్‌లో, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే పత్రంలో ఉంటుంది. దీని మీద ఒక పూట కూర్చుని ఆలోచించండి. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 60(3) ప్రకారం బండి జప్తు నుంచి తప్పించుకోవాలంటే యజమానికి తెలియదని చెబితే సరిపోదు. యజమానికి, ఆయన ఏజెంటుకు, బండి నడిపే బాధ్యత ఉన్న వ్యక్తికి, ముగ్గురికీ తెలియకుండా జరిగిందని, ముగ్గురూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని రుజువు చేయాలి. ఆ భారం మీదే. కాబట్టి 'మాకేం తెలియదు' అని నాలుగు లైన్లు రాసి ఊరుకోవద్దు. డ్రైవర్‌ని ఎప్పుడు పెట్టుకున్నారు, లైసెన్సు చూశారా, లోడ్ ఎక్కడ ఎత్తారు, ఎక్కడ దించాలి, ఈ-వే బిల్లు నంబరు, జీపీఎస్‌లో బండి ఎక్కడెక్కడ ఆగింది, దారిలో ప్యాసింజర్లను ఎక్కించుకోవద్దని రాతపూర్వకంగా చెప్పారా, అన్నీ తేదీలతో రాయండి. జీపీఎస్ డేటా చెరిగిపోకముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పట్టుబడక ముందు తయారైన కాగితానికి ఉన్న విలువ తర్వాత రాయించుకున్న కాగితానికి ఉండదు.

దయచేసి అబద్ధం రాయొద్దు. జీతం బ్యాంకులో వేస్తూ 'ఆ డ్రైవర్ మా మనిషి కాదు' అని అఫిడవిట్ ఇచ్చినవాళ్లున్నారు. అది బయటపడితే బండి సంగతి తర్వాత, మనిషికే ఇబ్బంది. సెక్షన్ 38 ప్రకారం నేరం చేసింది కంపెనీ అని తేలితే, ఆ సమయంలో కంపెనీ వ్యవహారాలు చూస్తున్నవాళ్లను కూడా దోషులుగా పరిగణిస్తారు. తమకు తెలియకుండా జరిగిందని వాళ్లే నిరూపించుకోవాలి. డైరెక్టర్‌ని నిందితుడిగా చేర్చినా, చేర్చే సూచనలున్నా అఫిడవిట్ ఎవరు ఇవ్వాలో లాయరుతో మాట్లాడాకే సంతకం పెట్టండి.

పిటిషన్ వేశాక కాపీ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి వెళ్తుంది, పోలీసులు కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు వేస్తారు. బండి విలువ ఎంతో తేల్చడానికి ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు అడగొచ్చు. కోర్టు ఒప్పుకుంటే ఆ విలువకు బాండు, జామీనుదారులు కావాలంటుంది. జామీనుదారుల ఆస్తి కాగితాలు ముందే సిద్ధం చేసుకుంటే ఆర్డర్ వచ్చాక మళ్లీ వారాలు పోవు. బండికి ఫొటోలు తీస్తారు. రంగు మార్చకూడదు, అమ్మకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి, చివరికి జప్తు అని తేలితే బండి లేదా కోర్టు నిర్ణయించిన విలువ అప్పగించాలి. షరతులు సాధారణంగా ఇలా ఉంటాయి.

లారీలో ఉన్న లోడ్ సంగతి చాలామంది మర్చిపోతారు. అది మీ కస్టమర్‌ది, ఆయన వేరే పిటిషన్ వేసుకోవాలి. గంజాయిని దాచడానికి వాడిన సరుకును కూడా సెక్షన్ 61 కింద జప్తు చేయొచ్చు. కూరగాయలు, పండ్లైతే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆయనకు చెప్పండి.

పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టండి. ఆ ఆర్డర్‌ను సరిచూడమని అమరావతి లేదా హైదరాబాద్ హైకోర్టులో రివిజన్ వేయడానికి 90 రోజుల గడువుంటుంది. ఈలోగా సెక్షన్ 52ఎ కింద బండిని వేలానికి పంపే ప్రక్రియ మొదలైందేమో కనుక్కుంటూ ఉండండి. మొదలైతే ఆ సంగతి రివిజన్‌లో రాసి స్టే అడగాలి.

బండి ఇంటికొచ్చినా కేసు పూర్తయినట్టు కాదు. సెక్షన్ 63 కింద జప్తు మీద తుది నిర్ణయం కోర్టుదే. నిందితులకు శిక్ష పడినా, కేసు కొట్టేసినా ఆ ప్రశ్న విడిగా తేలుస్తారు. స్వాధీనం చేసుకున్న నెల లోపు జప్తు ఆర్డర్ ఇవ్వకూడదు. హక్కు ఉందని ముందుకొచ్చిన వాళ్ల మాట, సాక్ష్యం వినకుండా కూడా ఇవ్వకూడదు. కాబట్టి అఫిడవిట్‌తో పెట్టిన కాగితాల ఒరిజినల్స్ అన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. ఆఫీసు మారినా, అకౌంటెంట్ మారినా ఆ ఫైలు పోకూడదు. వాయిదా తేదీలు ఒక బాధ్యత గల మనిషికి అప్పగించండి, ఆ రోజు లారీ ఏ రాష్ట్రంలో ఉన్నా వెనక్కి రప్పించగలిగేలా లోడ్లు ఒప్పుకోండి.