పాత పికప్ లాగట్లేదా? పంపు దించే ముందు ఇవి చూస్కోండి

విజయవాడ ఆటోనగర్‌కి పాత టాటా 207నో పాత బొలెరో పికప్‌నో తీస్కెళ్లి "బండి లాగట్లేదన్నా" అంటే చాలామంది నోట్లోంచి వచ్చే మొదటి మాట, పంపు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌కి ప్రెజర్‌తో డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు) పోయింది అని. పోయుండొచ్చు, కాదనను, కానీ అసలు పంపు దాకా డీజిల్ సరిగ్గా వస్తుందో లేదో చూడకుండా దించడం డబ్బులు దండగ. ఇదంతా కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే కామన్ రైల్ రాకముందు మెకానికల్ పంపు ఉన్న డీజిల్ బండ్ల గురించే. ఏ బండైనా సరే ఇంజన్ ఆన్‌లో ఉండగా నాజిల్ పైపుల నట్లు వదులు చేయొద్దు, ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోద్ది.

ముందు ఒకర్ని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. పొగే రాకపోతే డీజిల్ నాజిల్స్ దాకా పోవట్లేదు. తెల్ల పొగ వస్తూ స్టార్ట్ అవట్లేదంటే డీజిల్ పోతుంది గానీ మండట్లేదు, అది వేరే కథ. లోడు మీద నల్ల పొగ కొడుతుంటే ఎయిర్ ఫిల్టరో నాజిల్సో చూస్కోండి, డీజిల్ తక్కువై నల్ల పొగ రాదు.

స్లోలో బానే ఉండి, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించుకుని వారధి మీదకొచ్చేసరికి చచ్చుబడిపోతుందంటే డీజిల్ ఫిల్టరో ట్యాంకులో జాలీనో మూసుకుపోయుంటది. కాసేపు నడిచి ఆగిపోయి, వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంటే ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పండి. బుస్సుమని గాలి లోపలికి లాక్కుందంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయినట్టే, పైసా ఖర్చు లేదు, పిన్నీసు చాలు.

ఫిల్టర్ కింద డ్రెయిన్ వదులు చేసి కాస్త డీజిల్ గాజు సీసాలో పట్టి పక్కన పెట్టండి, నీళ్లుంటే అడుక్కి దిగుతాయి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిన బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లైతే ట్యాంకు దించి కడిగించాల్సిందే.

ఇక ఎక్కువగా ఏడిపించేది ఎయిర్. పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు, ఒకసారి అందుకుందా రోజంతా బానే తిరుగుద్ది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ఇంజెక్షన్ పంపుకి డీజిల్ అందించే చిన్న పంపు) దాకా డీజిల్‌ని ఆ చిన్న పంపే లాక్కుంటది కాబట్టి ఆ పైపులో చిన్న చీలికున్నా నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోద్ది, కింద చుక్క కనపడదు, మనం లీకేజీ ఏం లేదులే అని వదిలేస్తాం. ఫీడ్ పంపుకి ముందు జానెడు ట్రాన్స్‌పరెంట్ డీజిల్ పైపు వేసి ఇంజన్ రేజ్ చేయండి, బుడగలు పరిగెడుతుంటే దొంగ వెనకాలే ఉన్నాడు.

అప్పుడు ట్యాంకు పైపు పీకేసి, శుభ్రమైన 5 లీటర్ల క్యాన్‌లో డీజిల్ పోసి దాంట్లోంచి లాగించండి. క్యాన్ ట్యాంకు ఎత్తులోనే, సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి, పైన పెడితే డీజిల్ దానంతటదే దిగి ఫీడ్ పంపు వీక్‌గా ఉన్నా తెలీదు. రిటర్న్ పైపు కూడా ఆ క్యాన్‌లోనే పెట్టండి, లేకపోతే డీజిలంతా ట్యాంకులోకి పోయి క్యాన్ ఖాళీ. దీంతో బండి బాగైపోతే ట్యాంకు, జాలీ, రబ్బరు పైపులు, క్లిప్పులు. అప్పటికీ అంతే ఉంటే ఫీడ్ పంపు, ఫిల్టర్, ఆ పైన.

పైపు విప్పాక గాలి తీయాలి కదా, ఫిల్టర్ మీద బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార వస్తుంది. ధార కారుతుండగానే బిగించాలి, ఆగాక బిగిస్తే మళ్లీ మొదటికే. నురగ ఆగనే ఆగకపోతే బంజో బోల్టుల (డీజిల్ పైపు చివరి రింగుని బిగించే బోలు బోల్టులు) దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవి తిప్పి వేస్తే రెండు రోజుల ముచ్చటే.

ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తుందో లేదో కూడా చూడండి, దాని బదులు సోలెనాయిడ్ (కరెంటుతో డీజిల్ తెరిచి మూసేది) ఉంటే కీ ఆన్ చేయగానే టక్కుమనాలి. ఇవన్నీ బాగుంటేనే పంపు, నాజిల్స్ దించి టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకి ఇవ్వండి, దించే ముందు మాత్రం పంపు ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే అంచు) మీద, మళ్లీ అదే చోట బిగించేందుకు టైమింగ్ గీత గీయించడం మర్చిపోకండి.