కోరింగ మడ అడవిలో నడిచే ముందు

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో చెక్క బాట మీద నడక చిన్నదే. అయినా బయలుదేరే ముందు కొన్ని చూసుకోండి.

ఆటుపోట్ల వేళ: అన్నిటికన్నా ముందు ఇదే. ఇక్కడ నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. పోటు మీద వెళితే కనిపించేది చెట్లు, నీళ్లు మాత్రమే. ఆటు వేళ అయితే బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన శ్వాసవేర్లు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి. నెత్తిన కళ్లున్న ఆ చేపను ఒక్క నిమిషం కదలకుండా నిలబడి చూడండి, పిల్లలకు తప్పక చూపించండి.

చెట్లు: ఆకులు, కొమ్మలు తుంచవద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే విపరీతమైన మంట, కొంతసేపు చూపు కూడా మందగించవచ్చు. పడితే కన్ను నలపకుండా మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కాళ్లు: తడిసిన చెక్క జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. ఫోటో కోసం బాట దిగవద్దు. గట్టిగా కనిపించే బురద మోకాలి దాకా లాగేస్తుంది, వేర్లు కూడా విరుగుతాయి.

నిండు చేతుల చొక్కా, దోమల మందు, నీళ్ల సీసా, టోపీ ఉండాలి. ఖాళీ సీసా తిరిగి తెచ్చుకోండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం అని వింటే ప్రయాణం వాయిదా వేయండి.