రాక్ పాటలో కొత్త వాద్యం కుదరట్లేదా? లక్షణం, కారణం, మందు

రాక్ పాటలోకి వయొలినో, ఫ్లూటో, సితారో తెద్దామన్న ఉత్సాహం మొదటి రిహార్సల్‌కే సగం చల్లారిపోతుంది. విడిగా వింటే ఒళ్లు పులకరించిన వాద్యం బ్యాండ్‌తో కలిసేసరికి అయితే అజాపజా లేకుండా పోతుంది, లేదంటే అందరినీ మింగేస్తుంది. నేను చూసినంతలో తప్పు వాద్యానిది కావడం తక్కువ. దానికి చోటు చేయకుండా ఇరికిస్తాం, తర్వాత దాన్నే తిట్టుకుంటాం. ఎక్కువగా ఎదురయ్యే సమస్యే ముందు పెట్టాను.

సమస్య 1: వాయిస్తున్నారు, కానీ వినపడట్లేదు

ఒకసారి మా పాట పల్లవి కింద వయొలిన్ పెట్టాం. వినపడలేదు. ఫేడర్ (మిక్సర్‌లో శబ్దం పెంచే, తగ్గించే మీట) 3 డెసిబెల్స్ పెంచాను, ఇంకో 3 పెంచాను. కీచుదనం పెరిగింది తప్ప వయొలిన్ ముందుకు రాలేదు. ఇంతలో గిటారిస్టుకు తీగ తెగింది. అతను ఆగాడు, మిగతావాళ్లు ఆపలేదు. ఆ నాలుగు బార్లలో (తాళం ఆవర్తాల్లో) వయొలిన్ గదంతా నిండిపోయింది. పెంచిన ఫేడర్‌ని నేనే దించుకోవాల్సి వచ్చింది.

కారణం అప్పుడు బుర్రకెక్కింది. గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గరే ఉన్నా, డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలని కరుకుగా చేసే ఎఫెక్ట్) పుట్టించే ఉపస్వరాలు నాలుగైదు వేల హెర్ట్జ్ దాకా గోడ కడతాయి. వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్, ఫ్లూట్ అడుగు స్వరం సుమారు 262. అంటే రెండూ ఆ గోడ వెనకాలే నిలబడి పాడుతున్నాయన్నమాట.

పరిష్కారం ఈ వరసలోనే చేయండి. ముందు, ఆ చోట గిటార్ ఆపి చూడండి. ఆపడం కుదరకపోతే నిండు కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) మానేసి రెండు స్వరాల పవర్ కార్డ్ వాయించమనండి, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించమనండి. (గిటారిస్టు ముఖం మాడుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయించుకునేటప్పుడు బాగున్న గెయిన్ బ్యాండ్‌లో ఎప్పుడూ ఎక్కువే.) తర్వాత కొత్త వాద్యాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి జరపండి. అన్నీ అయ్యాకే ఈక్యూ (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత ఉండాలో సరిచేసే నాబ్‌లు): గిటార్‌లో 1 నుంచి 3 వేల హెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ కోసి, రెండింటినీ చెరో పక్కకి పాన్ చేయండి. ఈక్యూతోనే మొదలుపెట్టినవాళ్లు రాత్రంతా నాబ్‌లు తిప్పుతూనే ఉంటారు.

ఫ్లూట్‌కి ఇంకో దారి ఉంది. జెథ్రో టల్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్ ఊదుతూనే గొంతుతో కూనిరాగం కలిపి, స్వరాన్ని బొంగురుగా, కరుకుగా మార్చేవాడు. ఆ కరుకుదనం వల్లే ఫ్లూట్ గిటార్ పక్కన గిటార్‌లా నిలబడింది. మెత్తగా ఊది వినపడాలంటే మాత్రం మిగతావాళ్లంతా తగ్గాల్సిందే.

సమస్య 2: అందరూ ట్యూనర్ చూసుకున్నారు, అయినా శ్రుతి కలవట్లేదు

ముందు తేలికైనది చూడండి. గిటార్లు అర స్వరం దించి ఉన్నాయా? చాలా రాక్ బ్యాండ్లకు అది అలవాటు. ఆ సంగతి వాళ్లకు గుర్తుండదు, కొత్తగా వచ్చిన అకార్డియన్ వాయిద్యకారుడికి చెప్పరు. పాపం, అతని దగ్గర తిప్పడానికి బిరడాలు కూడా ఉండవు.

అసలు చిక్కు స్థిర శ్రుతి వాద్యాలతో. స్కాటిష్ బ్యాగ్‌పైప్‌లో 'ఎ' అని రాసే స్వరం నిజానికి 470-480 హెర్ట్జ్ మధ్య మోగుతుంది. బ్యాండ్ లెక్కలో దానికి దగ్గర స్వరం బి ఫ్లాట్, అది 466. పైప్ 476లో ఉంటే తేడా దాదాపు 36 సెంట్లు (అర స్వరంలో వందో వంతు ఒక సెంట్), చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. పైగా పైప్‌కి ఉన్నవి తొమ్మిది స్వరాలే. దాన్ని బ్యాండ్ దగ్గరికి లాగడం కన్నా బ్యాండే దాని దగ్గరికి వెళ్లడం సులువు: పైప్ బాగా వేడెక్కాక దాని స్వరానికి గిటార్లు, బేస్ కలుపుకోండి, పాటను ఆ తొమ్మిది స్వరాలకు సరిపడే స్కేల్‌లోకి మార్చండి.

ముందే రికార్డయిన ట్రాక్ మీద వాయిస్తుంటే ఆ ట్రాక్‌నే అనుమానించండి. 1966లో బీటిల్స్ 'ఫర్ నో వన్' పాటకు ఫ్రెంచ్ హార్న్ వాయించడానికి వచ్చిన అలన్ సివిల్‌కు ఆ రికార్డింగ్ బి ఫ్లాట్‌కీ బి కీ మధ్యలో ఎక్కడో తగిలింది. హార్న్‌నే దానికి తగ్గట్టు సవరించుకుని వాయించాడు. ఇప్పుడైతే సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మొత్తాన్ని కొన్ని సెంట్లు జరపొచ్చు. కాకపోతే ఆ పని కొత్త వాద్యం రికార్డ్ చేయకముందే చేయాలి.

సితార్‌ది వేరే గొడవ. మీటే తీగలు శ్రుతిలోనే ఉంటాయి, కింద ఉండి వాటంతటవే మోగే తరప్ తీగలు పాత కార్డ్ స్వరాలనే మోగిస్తూ ఉంటాయి. కార్డ్ మారిన ప్రతిసారీ ఎవరో మాట వినని మనిషి గొణుగుతున్నట్టు ఉంటుంది. ఆ తీగలను పాట స్కేల్‌కి కలపండి, లేదా వాటి కింద గుడ్డ దూర్చి నోరు మూయించండి. ఇంకా మంచిది, కార్డ్‌లు పెద్దగా కదలని చోటే సితార్ పెట్టండి.

సమస్య 3: తాళంలో ఒక వెంట్రుక వెనకబడుతోంది

కమానుతో వాయించే వాద్యాలకూ, ఊదే వాద్యాలకూ స్వరం పూర్తిగా పుట్టడానికి కాస్త సమయం పడుతుంది. డ్రమ్ దెబ్బ పడ్డ క్షణంలో చెల్లో ఇంకా నోరు తెరుస్తూ ఉంటుంది. దూరం కూడా లెక్కే: గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 3 మీటర్ల అవతల ఉన్న వాద్యం దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కంప్యూటర్ లేటెన్సీ (రికార్డింగ్‌లో అది కలిపే ఆలస్యం) సరిచూసుకున్నాక, ఆ వాద్యం ట్రాక్‌ని 10 నుంచి 30 మిల్లీసెకన్లు ముందే మోగేలా జరిపి వినండి. చూపుతో కాదు, చెవితో. స్టేజి మీదైతే డ్రమ్స్ మానిటర్ ఆ మనిషికి దగ్గరగా పెట్టండి, చాలు.

సమస్య 4: రికార్డింగ్ మీటర్ సూది ఎర్రగీత దాటుతోంది, శబ్దం మాత్రం పెద్దగా లేదు

1965లో బీటిల్స్ జార్జ్ హారిసన్ సితార్‌ని 'నార్వీజియన్ వుడ్' కోసం రికార్డ్ చేస్తూ ఇంజనీర్ నార్మన్ స్మిత్ పడ్డ బాధ ఇదే. మీటిన క్షణంలో శిఖరం పదునుగా లేస్తుంది, అసలు నాదం దాని వెనక తక్కువలో ఉంటుంది. లిమిటర్ (శిఖరాలను అణిచే పరికరం) బిగిస్తే శిఖరంతో పాటు నాదమూ చస్తుంది. డిజిటల్‌లో మనకు ఆ ఇబ్బంది లేదు. శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా రికార్డింగ్ గెయిన్ తగ్గించండి, మైక్ 30-60 సెంటీమీటర్లు వెనక్కి జరపండి, కంప్రెషన్ (శబ్దంలో హెచ్చుతగ్గులను నొక్కడం) మిక్స్‌లో చూసుకోవచ్చు.

సమస్య 5: స్టేజి మీద కూత (ఫీడ్‌బ్యాక్)

బోలు ఒళ్లున్న వాద్యం, తెరిచిన మైక్, పక్కన డ్రమ్స్. కూయక ఏం చేస్తుంది? పికప్ (వాద్యం కంపనాన్ని నేరుగా పట్టే పరికరం) వాడండి. పీజో పికప్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చితే శబ్దం రేకు డబ్బాలా పలచగా వస్తుంది. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 1 మెగాఓమ్ లేదా ఎక్కువ ఉన్న ప్రీయాంప్ మధ్యలో ఉండాలి. వయొలిన్‌కి 150 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి, అక్కడ దానికి స్వరాలే లేవు.

సమస్య 6: అంతా బాగానే ఉంది, కానీ విన్నవాళ్లు నవ్వుతున్నారు

ఇది నాబ్‌లతో పోయే జబ్బు కాదు. ఆ వాద్యం పాటలో ఒక్కసారి ఊడిపడి, తన ఊరి తెలిసిన బాణీ ఒకటి వాయించి వెళ్లిపోతే వేషం వేసుకొచ్చినట్టే ఉంటుంది. పాట రిఫ్‌నే (పదేపదే వచ్చే బాణీనే) దాని చేత వాయించండి. 1966లో రోలింగ్ స్టోన్స్ 'పెయింట్ ఇట్ బ్లాక్'లో బ్రయాన్ జోన్స్ సితార్ పట్టుకున్నది పాట వరసే. 1975లో ఏసీ/డీసీ బ్యాండ్ పాటలో బాన్ స్కాట్ బ్యాగ్‌పైప్ గిటార్‌తో మాటకు మాట అంటుంది, మూల నిలబడి అలంకారం చేయదు. 1991లో ఆర్.ఈ.ఎం. బ్యాండ్ మాండొలిన్ పాట అయితే ఆ మాండొలిన్ మీదే కట్టింది. మీ పాటలోంచి కొత్త వాద్యాన్ని మ్యూట్ చేసి వినండి. లోటు తెలియకపోతే దానికి ఇంకా పని ఇవ్వలేదన్నమాట.

సమస్య 7: స్టూడియోలో కుదిరింది, కచేరీకి ఆ మనిషి లేడు

శాంపిల్‌తో (ముందే రికార్డయిన స్వరాలతో) కానివ్వండి, తప్పేం లేదు. కానీ అసలుదే అని నమ్మించబోతే దొరికిపోతారు. మెల్లోట్రాన్ (టేపుల మీది స్వరాలను పలికించే పాత కీబోర్డు) మీట కింద టేప్ సుమారు 8 సెకన్లకే అయిపోయేది, స్వరాలు కాస్త వణికేవి. అయినా ఆ నకిలీ ఫ్లూట్లను జనం నకిలీగానే ప్రేమించారు. బీచ్ బాయ్స్ 1966 నాటి 'గుడ్ వైబ్రేషన్స్'లో థెరమిన్ అనుకునేది కూడా థెరమిన్ కాదు. థెరమిన్ మీద గాల్లో చెయ్యి ఆడిస్తూ స్వరం పట్టుకోవడం కష్టం కాబట్టి, జరిపే మీటతో స్వరం పలికించే ఎలక్ట్రో-థెరమిన్‌ను ట్రాంబోన్ వాయిద్యకారుడు పాల్ టానర్ వాయించాడు. స్టేజికి వచ్చేసరికి అదీ లేదు. రాబర్ట్ మూగ్ తయారుచేసిన రిబ్బన్ కంట్రోలర్ అనే పట్టీ మీద వేలు జార్చి అదే జారుడు పలికించారు. వాళ్లు తీసుకెళ్లింది వాద్యాన్ని కాదు, ఆ జారుడుని. మీ పాటలో జనానికి గుర్తుండేది ఏ ముక్కో చూసుకుని, దాన్ని పలికించగల వాద్యం చేతిలో ఏది ఉంటే అది పట్టుకెళ్లండి.