చిన్న పెరట్లో సైకిల్ షెడ్డు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి?

సైకిల్ షెడ్డు కొనేటప్పుడు అందరూ కప్పు వైపే చూస్తారు. వాన ఆగితే చాలనుకుంటారు. తీరా వాడకంలోకి వచ్చాక ఇబ్బంది పెట్టేవి గాలి, తలుపు, నేల. ఈ మూడింటినీ సరిచూసుకుంటే మామూలు షెడ్డయినా చక్కగా పనికొస్తుంది.

వాన చుక్క పడకపోయినా చైన్ తుప్పు పడుతోంది

రేకు షెడ్లలో ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఇది. కప్పు ఎక్కడైనా కారుతోందేమో ముందు చూడండి. కారడం లేదంటే చెమ్మ లోపలే పుడుతోంది. పగటిపూట నేల నుంచీ, తడిసిన టైర్ల నుంచీ ఆవిరి లేచి లోపలి గాలిలో చేరుతుంది. రాత్రి రేకు చల్లబడగానే ఆ ఆవిరి రేకు అడుగున బొట్లు కట్టి కిందికి రాలుతుంది. తెల్లవారుజామున తలుపు తీసి కప్పు లోపలి వైపు చేత్తో తడిమి చూడండి. వేళ్లు తడిస్తే కారణం దొరికినట్టే.

అలాంటప్పుడు సందులన్నీ సిలికాన్‌తో పూడ్చేయాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి, చెమ్మకు బయటికి పోయే దారి కూడా ఉండదు. ఒక గోడకు అడుగున, ఎదురు గోడకు పైభాగాన గాలి కంతలు పెట్టి, పురుగులు దూరకుండా సన్న జాలీ బిగించండి. కింద మట్టి నేల అయితే మందపాటి పాలిథీన్ షీటు పరిచి, దాని మీద బండలు వేయండి. సగం చెమ్మ అక్కడే ఆగిపోతుంది. తడి సైకిల్‌ను లోపల పెట్టేముందు గుడ్డతో తుడిచి, చైన్‌కు రెండు చుక్కల నూనె వేయడం ఎలాగూ మంచిదే.

షెడ్డు లేకుండా కవరుతో సరిపెట్టుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నేలను తాకేలా బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు లోపల చెమ్మ చిక్కుకుపోతుంది. కవరు అంచు నేలకు జానెడు పైన ఆగాలి. గాలికి కొట్టుకోకుండా మధ్యలో ఒక పట్టీ కట్టండి. లేదంటే రెపరెపలాడుతూ ఫ్రేము మీద పెయింటును అరగదీస్తుంది.

లోపల పడుతుంది గానీ బయటికి రాదు

'రెండు సైకిళ్లు పడతాయి' అన్న మాటను నమ్మి కొన్నవాళ్ల గోడు ఇది. పెద్దవాళ్ల సైకిల్ పొడవు సుమారు 180 సెంటీమీటర్లు, ఎత్తు మీటరు పైచిలుకు. హ్యాండిల్ వెడల్పు 60 నుంచి 70 దాకా ఉంటుంది, మౌంటెన్ బైక్ అయితే 80 వరకూ పోవచ్చు. రెండింటినీ ఒకే వైపు తిప్పి పెడితే హ్యాండిళ్లు, పెడళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పెడితే సుమారు మీటరు వెడల్పులో సర్దుకుంటాయి. రోజూ వాడేది తలుపు దగ్గర, ఎప్పుడో వాడేది లోపల.

లోపలి వెడల్పు కంటే తలుపు తీశాక మిగిలే సందును కొలవడం ముఖ్యం. తలుపు తెరుచుకోవడానికి ఎదురుగా ఎంత జాగా కావాలో కూడా చూసుకోండి. 80 సెంటీమీటర్ల రెక్క బయటికి తెరుచుకోవాలంటే ముందు అంత ఖాళీ ఉండాలి. ఇరుకు పెరట్లో పక్కకు జరిపే తలుపు గానీ, పైకెత్తే మూత గానీ నయం. కొనేముందు నేల మీద సుద్దతో షెడ్డు కొలత గీసి, సైకిల్‌ను అందులో నిలబెట్టి గేటు దాకా నడిపించి చూడండి. మలుపు దగ్గర వెనక చక్రం గోడకు తగిలితే ఆ చోటు పనికిరాదు.

గోడకు నిలువుగా వేలాడదీస్తే నేల జాగా బాగా కలిసొస్తుంది. అయితే ఎలక్ట్రిక్ సైకిళ్లు చాలావరకు 20 కిలోలకు పైనే ఉంటాయి, రోజూ ఎత్తడం నడుముకు శిక్ష. వాటిని నేల మీదే ఉంచి, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టుకోండి. ఎండకు కాగే రేకు డబ్బాలో బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

తాళం చెక్కుచెదరలేదు, సైకిల్ మాత్రం లేదు

దొంగ తాళం జోలికి పోకుండా స్క్రూలు విప్పి ఉంటాడు. చాలా షెడ్లకు మడతబందుల స్క్రూలు, గడియ స్క్రూలు బయటికే కనిపిస్తుంటాయి. వాటి స్థానంలో నున్నటి గుండ్రటి తల ఉన్న బోల్టులు వేసి, నట్టు లోపలి వైపు బిగించండి. అడుగు లేని తేలికపాటి షెడ్డయితే దాన్నే ఎత్తి పక్కన పెట్టేయవచ్చు. కాబట్టి నేలలో కాంక్రీటు పోసి ఇనుప కడియం పాతి, సైకిల్‌ను దానికి కట్టేయండి. ఇసుక మీద పరిచిన బండకు బిగించిన కడియం బండతో సహా లేచి వస్తుంది. తాళాన్ని చక్రానికి వేసి వదిలేయకుండా ఫ్రేములోంచి పోనివ్వండి. గొలుసు నేల మీద పడి ఉండకూడదు, కట్టర్‌ను నేలకు ఆనించి బరువు మోపితే తెంపడం తేలిక.

తలుపు బిగుసుకుపోతోంది

తలుపును రంపంతో కోయకండి. షెడ్డు మూలలు తప్పి ఉంటుంది. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే చట్రం వంకరపోయింది. రసమట్టం పెట్టి, కుంగిన వైపు నేలను ఎత్తు చేస్తే తలుపు చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

ఇంకా కొనకపోతే

ఒక్క సైకిలే ఉండి, దొంగల భయం అంతగా లేకపోతే షెడ్డే వద్దంటాను. గోడకు ఆనించి ఏటవాలుగా ఒక కప్పు వేసుకోండి. గాలి ఆడుతుంది, తలుపు గొడవే ఉండదు. ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి, ఎండకు టైర్ల రబ్బరు పగుళ్లు తీస్తుంది. భద్రత ముఖ్యమైతే గాలి కంతలున్న రేకు షెడ్డు. చెక్కదానికి చెమ్మ బొట్లు కట్టే బెడద తక్కువ, కానీ చెద, పుచ్చు పట్టకుండా అప్పుడప్పుడు పూత వేయాలి. ప్లాస్టిక్ తుప్పు పట్టదు, ఏ పూతా అడగదు, అయితే పలకలు పలుచన. దాన్ని తీసుకుంటే నేలలో కడియం మాత్రం తప్పనిసరి.