ఊరి పేరు ఎక్కడ పుట్టిందో తేల్చాలంటే: యార్క్‌తో మొదలుపెట్టండి

నెల్లూరుకు ఆ పేరెలా వచ్చిందని అడగండి. నెల్లి, అంటే ఉసిరి చెట్టు కింద మూలస్థానేశ్వరుడు వెలిశాడని ఒకరంటారు. నెల్లు అంటే వడ్లు, వరి పండే ఊరు కదా అని ఇంకొకరు. ఎవరిది ఒప్పో వాదించుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఆ పేరు పాత రూపాలన్నీ పోగుచేయడం. దాన్ని ఇంగ్లండులోని యార్క్ మీద చేసి చూస్తే పద్ధతి పట్టుబడుతుంది.

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: సంవత్సరం, ఉన్నదున్నట్టు స్పెల్లింగు, భాష, రాసినవాడు. యార్క్‌కైతే క్రీ.శ. 71లో రోమన్లు కోట కట్టిన చోటు ఎబొరాకుం. ఆంగ్లో సాక్సన్ల నోట ఎయొఫొర్‌విక్. 866లో వైకింగులు పట్టుకున్నాక యోర్‌విక్. అదే అరిగి యార్క్ అయింది. ఈనాటి పేరొక్కటే పట్టుకుని నిఘంటువు తిరగేస్తే ఏమీ దొరకదు. ఎప్పుడూ అన్నిటికన్నా పాత రూపం దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ పాత రూపం రోమన్లది కూడా కాదు, అక్కడి కెల్టిక్ జనం మాట. ‘యూ’ అనే రకం చెట్లున్న చోటు అని ఎక్కువమంది పండితులు ఒప్పుకునే అర్థం. తర్వాత వచ్చిన సాక్సన్లకు ఆ మాట అర్థం కాలేదు. వాళ్ల చెవికి అది ‘ఎయొఫొర్’లా, అంటే అడవిపందిలా వినిపించింది. దానికి ‘విక్’, పేట, తగిలించారు. చెట్టు పంది అయిపోయింది! ఊళ్లో పంది కథ వినబడితే అది పేరుకంటే తర్వాత పుట్టిందని గుర్తు.

ఆ ఊరి వీధుల్లో ఇంకో గొయ్యి ఉంది. స్టోన్‌గేట్, కాపర్‌గేట్ అంటే గుమ్మాలు కావు. వైకింగుల భాషలో ‘గాతా’ అంటే వీధి. కోట గుమ్మాలను అక్కడ ‘బార్’ అంటారు. కాపర్‌గేట్‌లో రాగీ లేదు, తాగే చెక్క కప్పులు చేసేవాళ్ల వీధి అది. మన వైపు సముద్రం, సాగరం అని ముగిసే పేర్లూ ఇంతే. అనంతసాగరంలో కడలి వెతక్కండి, అది చెరువు. అందుకే ముందు పాలెం, పాడు, కండ్రిగ, సాగరం లాంటి తోకను విడదీసి, దాని అర్థం తేల్చాకే మొదటి సగం జోలికి వెళ్లాలి.

పాత రూపాలకు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు చూడండి. ప్రకాశం జిల్లా అప్పటికింకా లేదు, అది 1970లో ఏర్పడింది కాబట్టి ఒంగోలు, కనిగిరి, దర్శి, పొదిలి వాళ్లకూ అవే దిక్కు.

శాసనంలో శక సంవత్సరం ఉంటే 78 కలపండి. శక 1166 అంటే 1244. ఏడాది చివర, జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న తిథికి 79. ఇక్కడే చాలామంది ఒక ఏడాది తప్పుతారు. ఆ అంకె గడిచిన ఏళ్ల లెక్కా, నడుస్తున్న ఏడాదిదా అన్నది ఒక్కో శాసనంలో ఒక్కోలా ఉంటుంది. సరిచూడ్డానికి పక్కనున్న సంవత్సరం పేరు వాడుకోండి: 2024 ఉగాదికి వచ్చింది క్రోధి, అరవైల చొప్పున వెనక్కి లెక్కిస్తే 1244 కూడా క్రోధే.

నెల్లూరు వైపు తమిళ శాసనాలు చాలా ఉన్నాయి. వాటిలో ‘ఆన’ అంటే ‘అనబడే’. రెండు పేర్ల మధ్య అది కనిపిస్తే రెంటినీ రాసుకోండి. రాజులు నెల్లూరుకు పెట్టిన విక్రమసింహపురి పుస్తకాల్లో మిగిలింది, జనం పేరే నిలిచింది.

చివరగా పొలానికి రండి. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ భూముల రిజిస్టరు) దగ్గర పెట్టుకుని, పేరులోని గుంటో వాగో నిజంగా ఉందో లేదో చూడండి.

ఇక నెల్లి, నెల్లు తగువు. తెలుగు సంధిలో నెల్లి ఊరు నెల్లూరవుతుంది. తమిళంలో అది నెల్లియూర్ కావాలి; నెల్ ఊర్ అయితేనే నెల్లూర్. తమిళ శాసనంలో నెల్లూర్ అని ఉంటే తక్కెడ కాస్త వడ్ల వైపు మొగ్గుతుంది. కానీ చెక్కినవాడు స్థానికుల నోట విన్నదే చెక్కి ఉండొచ్చు. కాబట్టి అర్థాన్ని పెన్సిలుతోనే రాయండి.