బాల్ పైథాన్‌కి (పెంచుకునే ఒక రకం కొండచిలువ) మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టాయా? మందు కొట్టే ముందు చూసుకోవాల్సినవి

- ముందు అవి మైట్సేనా అని తేల్చుకోండి. తడిపిన తెల్ల టిష్యూతో పామును తల నుంచి తోక దాకా మెల్లగా తుడవండి. ఆవగింజ కన్నా చిన్న నల్ల చుక్కలు అంటుకుని, అందులో ఒకటి రెండు పాకుతుంటే అనుమానం అక్కర్లేదు. కళ్ల అంచులు, గడ్డం కింద, నీళ్ల గిన్నె అడుగు కూడా చూడండి.

- కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగులోకి మారడం జబ్బు కాదు, టెన్షన్ వద్దు. కంటిపై పాత పొర మిగిలితే మాత్రం గోటితో లాగకండి, కన్ను దెబ్బతింటుంది.

- పెర్మెత్రిన్ (పురుగుల మందు) స్ప్రే ఖాళీ పెట్టెలోనే కొట్టి, పూర్తిగా ఆరాకే పామును పెట్టండి. పిల్లిని దగ్గరికి రానివ్వకండి, దానికి అది విషం.

- ఐవర్‌మెక్టిన్ (మైట్స్‌ను చంపే మరో మందు) మోతాదు వెటర్నరీ డాక్టరే చెప్పాలి. తాబేలుకు అసలు వాడొద్దు, ప్రాణం పోతుంది.

- చేతులకు గ్లౌజులు. తర్వాత సబ్బు.